కుడిపక్క నాది

జూన్ 2

ఈ రోజు నేను మెకానిక్‌నయ్యాను. నిన్నటిదాకా తత్వశాస్త్రం పట్టా ఉన్న నిరుద్యోగిని. ఇవాళ పట్టాతోపాటు స్పానరు కూడా ఉన్న నిరుద్యోగిని. ఎదుగుదల అంటే ఇదే.

మా పెదనాన్న కొడుకు బిమూర్జా అన్న రెండు ఆవుల్ని, గట్టు మీది గడ్డిచేలో సగాన్ని అమ్మి ఒక డెలికా వ్యాను కొన్నాడు. జపాన్‌లో ఏ రిటైర్డు మాస్టారో పూలకుండీలు తిప్పుకున్న బండి. లోపల ఇంకా సబ్బు వాసన వస్తోంది. దాన్ని మా మెస్తియా నుంచి కొండ మీది ఉష్గులి దాకా యాత్రికులతో తిప్పి బతుకుదామని అన్న ఆశ. ఆ దారిలో ఆ పొట్టిది మొదటి వాగులోనే పొట్ట చీల్చుకుంటుంది. వెనక పొడుగు స్ప్రింగులు వేసి, ముందు టార్షన్ బార్లు బిగించి, బండిని నాలుగు వేళ్ళు పైకి లేపాలి. లేపకపోతే చౌకులో డ్రైవర్ల వరసలో చోటివ్వరు. చోటివ్వకపోతే ఈ చలికాలం అన్న, లమారా పెద్దమ్మ, మిగిలిన ఆవు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవాలి.

అన్న ఓతియా షెడ్డుకి ఇద్దామన్నాడు. ఈ లోయలో బండ్ల ఎత్తు పెంచే ఏకైక మహానుభావుడు ఓతియా. ముందు పళ్ళు రెండు బంగారం. అవి కనపడటానికే నవ్వుతాడు. అతను అడిగిన కూలి విని నేను లేచి నిలబడి, టోపీ తీసి, అన్న ఈ వేసవి సంపాదనకి మౌనంగా నివాళులర్పించాను. అన్నకి నవ్వు రాలేదు. అన్నకి ఎప్పుడూ ఓ పూట ఆలస్యంగా వస్తుంది.

జూన్ 3

మళ్ళీ అదే వాదన. ఎత్తు పెంచడం ఎలాగో వీడియోలు చూశానని, ఒక ఆస్ట్రేలియావాడు చెప్పులేసుకుని చేసేశాడని వివరించాను. అన్న ఓపిగ్గా విని అన్నాడు:

"తెలిసినవాడి చేతికిద్దాంరా ఎల్గూజా. మనుషులెక్కే బండి."

"నట్టుకి ఓతియా పేరు తెలుసా అన్నా? ఎవడు తిప్పితే వాడికి బిగుస్తుంది."

ఈ వాక్యం నాకే నచ్చింది. నేను చదువుకున్నవాణ్ణి కదా అన్న గౌరవం కొద్దీ అన్న ఒప్పుకున్నాడు. ఆ గౌరవం ఇంటింటా ఉంటే దేశం బాగుపడును.

జూన్ 8

ఆపరేషన్ విజయవంతం. రోగి నాలుగు వేళ్ళు పెరిగాడు.

పొద్దున్నే బండిని దిమ్మల మీదికెత్తాం. ఎడమపక్క అన్నది, కుడిపక్క నాది. జుగ్దీదీ పాతసామాన్ల సంతలో కొన్న స్ప్రింగులు అచ్చంగా సరిపోయాయి. వెనక ఇరుసుని పట్టి ఉంచే కింది ఆర్ములు విప్పి, మళ్ళీ బోల్టులు దూర్చి, నట్లని చేత్తో తిప్పి వదిలేశాం. వదిలెయ్యాలి మరి. అక్కడ రబ్బరు బుష్‌లుంటాయి. గాల్లో వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి నేలమీద కూర్చోగానే రబ్బరు మెలిపడి చిరుగుతుంది. దింపి, బరువు చక్రాల మీద పడ్డాక గట్టిగా బిగించాలి. ఇది అన్నకి చెప్పింది నేనే. పాఠం చెప్పడంలో నాకున్న నేర్పు అమోఘం.

షెడ్డులో అయితే ఓతియా చుక్క ముట్టనివ్వడు. పెరట్లో పని పెట్టుకుంటే ఊరు ఊరుకుంటుందా? బండి దింపేసరికి ఇరుగుపొరుగు అరడజను మంది చేరారు, పెద్దమ్మ బల్ల వేసింది, మాంసం కూరిన కుబ్దారి రొట్టెలు పొగలు కక్కుతున్నాయి. పక్కింటి ప్లాతోన్ తాత తనకు తానే తమాదా, అంటే ఒక్కొక్కరి పేరు చెప్పి గ్లాసులెత్తించే విందుపెద్ద, అయి కూర్చుని సారా గ్లాసెత్తాడు. మొదట దేవుడు, తర్వాత శాంతి, ఆపైన పోయినవాళ్ళు. అన్న ఎడమపక్క బిగించి వచ్చి నిలబడ్డాడు. నేనింకా బండి కిందే ఉన్నాను. తాత నా పేరు పెట్టి పిలిచాడు. అప్పటికే పెదనాన్న పేరు ఎత్తాడు. పోయినవాళ్ళ గ్లాసు లేచి ఉండగా కింద పడుకుని స్పానరు తిప్పేవాడు మా లోయలో పుట్టలేదు. స్పానరు గడ్డిలో పెట్టి వచ్చి నిలబడ్డాను.

పెదనాన్న తర్వాత వాళ్ళ నాన్న, ఆయన తర్వాత మంచులో పోయినవాళ్ళు. మా వంశంలో పోయినవాళ్ళు చాలామంది.

మధ్యలో అన్న నా చెవిలో, నీ పక్క అయిందా అని అడిగాడు. నోటినిండా రొట్టె ఉంది. తల ఊపాను.

పొద్దున లేవగానే చూడాలి.

జూన్ 9

తల పగిలిపోతోంది. అరుగు మీద కాఫీ గిన్నెతో కూర్చుని చూశాను. అన్న అప్పటికే బండి కింద వెల్లకిలా పడుకుని ఎడమపక్క నట్లు ఒక్కొక్కటే మళ్ళీ సరిచూస్తున్నాడు. అతని తల నా తలకంటే అధ్వాన్నంగా ఉండాలి, మూలుగుతున్నాడు. ముందుపక్క కూడా చూశాడు. కుడి వెనక చక్రం దగ్గరికి రాబోతుండగా చౌకు నుంచి ఫోను. వరసలో చోటిచ్చారు, ఇద్దరు పోలండు వాళ్ళు ఎదురు చూస్తున్నారు, వెంటనే రమ్మన్నారు. లేచి, చేతులు తుడుచుకుని, వెళ్ళిపోయాడు.

నేను అరిచి ఆపుదామనుకున్నాను. కాఫీ వేడిగా ఉంది.

సాయంత్రం వచ్చాక చూస్తే చాలు. ఒక్క రోజుకి ఏమవుతుంది.

జూన్ 12

బండి మూడు రోజులుగా తిరుగుతోంది. వాగులో పొట్ట తగల్లేదట. అన్న నా భుజం తట్టి, "నీ తల బంగారంరా తమ్ముడూ" అన్నాడు. ఆ మాట విన్నాక ఇక బండి కిందికి దూరడం ఏం బాగుంటుంది? దూరితే ఎందుకు దూరావని అడుగుతాడు.

పైగా అది బిగించే ఉంటాను. చేతికి అలవాటైన పని చెయ్యి చేసేస్తుంది, తలకి చెప్పదు. సగం తిప్పినట్టు గుర్తు కూడా ఉంది.

జూన్ 14

చౌకులో ఇయాంజే కనపడింది. ఓతియా చెల్లెలు, ఉష్గులి బళ్ళో టీచరు. మీ అన్న షెడ్డు మూసుకోవలసిందే, మెస్తియాలో విద్యావంతుల శకం మొదలైంది అని ప్రకటించాను. "ముందు గోళ్ళు కడుక్కో విద్యావంతుడా" అంది. నా గోళ్ళు గమనించింది. ఇది శుభ సూచకం. మెదడున్న మనిషికి చేతులు కూడా ఉంటాయని ఆమెకి తెలియాలి, అందుకే గ్రీజు ఆరు రోజులు ఉంచుకున్నాను.

జూన్ 17

వెనక ఎక్కడో టక్కుటక్కుమంటోందని అన్న అన్నాడు. పోనీ ఓతియాకి ఒకసారి చూపిద్దామా అన్నాడు.

ఓతియాకి! ఆ బంగారుపళ్ళతో ఊరంతా నవ్వి చెబుతాడు, చదువుకున్నవాడి పని మళ్ళీ నా దగ్గరికే వచ్చిందని. ఇయాంజే ముందు కూడా చెబుతాడు. కొత్త స్ప్రింగులు సర్దుకునేటప్పుడు అలాగే పాడతాయి, వారం పాడి ఊరుకుంటాయని చెప్పాను.

"నువ్వే చూశావు కదా, నీకే తెలియాలి" అన్నాడు.

రేపు చూస్తాను. నిజంగా.

జూన్ 18

వాన.

జూన్ 21

నిన్న.

జూన్ 24

పేపర్లో వచ్చేంత పెద్ద ప్రమాదం కాదు. నిన్న వచ్చిన పోలీసు దారి బాగాలేదని రాసుకుని, పెద్దమ్మ పెట్టిన భోజనం చేసి వెళ్ళిపోయాడు.

ఉష్గులికి కాస్త ఇవతల, ఎగుడు మలుపులో, కుడి వెనక ఆర్ము ఊడి ఇరుసు పక్కకి తిరిగింది. బండి గట్టు దిగి రెండు పల్టీలు కొట్టి ఒక పెద్ద బండకి ఆనుకుంది. పోలండు జంటకి గీతలు పడ్డాయి. వాటిని వాళ్ళే ఫోటోలు తీసుకున్నారు. అన్నకి భుజం జారింది. ఇయాంజే ఆ బండిలోనే ఉంది. బడి సామాను తీసుకుని పైకి వెళ్తోంది, అన్న ఊరికే ఎక్కించుకున్నాడు. ఆమె తుంటి ఎముక విరిగింది. జుగ్దీదీ ఆస్పత్రిలో ఉంది. నడుస్తుంది, కానీ ముందులా కాదు అన్నారట.

ఓతియా తాళ్ళేసి బండిని పైకి లాగాడు. బోల్టు లేదు, నట్టు లేదు, ఖాళీ బెజ్జం. అది మా పెద్దమ్మకి కూడా కనపడుతుంది. బోల్టు విరిగితే సగం ముక్క ఉండాలి, ఇది దానంతటదే జారిపోయింది, అంటే ఎవడో బిగించలేదు అని ఓతియా చౌకులో అన్నాడు. నవ్వకుండా అన్నాడు. పళ్ళు కనపడలేదు.

జూన్ 26

ఎవరు బిగించలేదు అన్నదే ఇప్పుడు లోయంతటికీ ప్రశ్న. పోలీసు రాసింది ఎవరికీ అక్కర్లేదు. మా ఇంటి పెద్దలు, ఓతియా ఇంటి పెద్దలు కూర్చున్నారు. ఆ పని చేసింది మేమిద్దరమే. అన్నని అడిగితే, ఇద్దరం కలిసి చేశాం అన్నాడు, అంతే. ఏ పక్క ఎవరిదో చెప్పలేదు. నా వైపు చూడను కూడా లేదు. అన్నకి అలాంటివి రావు. నన్ను అడిగితే, నా వంతు నేను పూర్తిచేశాను అన్నాను.

పై వాడలో సెయింట్ జార్జి గుడి ఉంది. ఆదివారం అక్కడ ఇద్దరూ గుర్రమెక్కిన ఆ సెయింటు పటం మీద చెయ్యి వేసి, నట్టు వదిలింది నేను కాదని ప్రమాణం చెయ్యాలి. వేసినవాడు నిర్దోషి. వెయ్యనివాడు దోషి. అప్పీలు లేదు. పటం మీద అబద్ధం ఆడినవాడి వంశం ఏమవుతుందో ఇక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. తత్వశాస్త్ర విభాగంలో మాత్రం ఎవరికీ తెలియదు.

దోషికి ఏమవుతుందో కూడా చెప్పారు. ఈ దారిలో మనుషుల్ని ఎక్కించుకుని ఇక ఎప్పటికీ బండి తోలకూడదు. ఇయాంజే కోలుకునే దాకా ఓతియా చెప్పిన పని చెయ్యాలి.

అన్నకి డ్రైవింగు తప్ప ఏమీ రాదు. నాకు చాలా వచ్చు. కానీ దోషి అంటే డ్రైవింగు ఒక్కటే కాదు కదా. చౌకులో నేను నడిచి వస్తే జనం మాటలాపేస్తారు. ఇయాంజే జీవితాంతం కుంటుతుంది, ఎవరి వల్ల అని పిల్లలడిగితే వేలు పెట్టి చూపిస్తారు. నేను ఆ వేలు చివర ఉండలేను. నాకు సరిపడదు.

జూన్ 28

అన్న వచ్చాడు. ఎడమచెయ్యి మెడకి కట్టుకుని ఉంది. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"తమ్ముడూ, ఒక్కటే అడుగుతాను. ఆ రోజు నేనడిగితే తల ఊపావు. బిగించావు కదా?"

"బిగించాను అన్నా."

"సరే. నువ్వు చెప్పావు, అయిపోయింది" అని వెనక్కి తిరిగాడు. అప్పుడు నేను ఒక ప్రశ్న అడిగాను. ప్రశ్నే. ప్రశ్నించడం తప్పు కాదని రెండున్నర వేల ఏళ్ళుగా చెబుతున్నారు.

"మర్నాడు పొద్దున నువ్వు బండి కిందికి వెళ్ళావు కదన్నా. వెల్లకిలా పడుకున్నావు, తల అటు పెట్టి. అలా తిరగబడి పడుకున్నప్పుడు, బిగించే వైపు ఏది, వదిలే వైపు ఏది?"

అన్న ఆగిపోయాడు. మంచి చెయ్యి పైకెత్తి, లేని స్పానరు పట్టుకుని, గాల్లో ఇటు తిప్పాడు. తర్వాత అటు తిప్పాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ తిప్పాడు.

"కుడిపక్కకి వెళ్ళానా నేను?"

"నాకెలా తెలుస్తుందన్నా? నేను అరుగు మీద కాఫీ తాగుతున్నాను."

"తల దిమ్ముగా ఉంది ఆ రోజు. వెళ్ళాననే అనుకుంటున్నాను. టక్కుటక్కుమంది కూడా నాకే వినపడింది. దిగి చూడాల్సింది."

వెళ్ళిపోయాడు. వీధి మలుపు దాకా అతని చెయ్యి తిరుగుతూనే ఉంది.

నేను అబద్ధం చెప్పలేదు. కాఫీ తాగుతున్న మాట నిజమే.

జూన్ 29, ఆదివారం

ముందు నన్ను పిలిచారు. పటం వెండిది, నల్లబడింది, గుర్రం మొహం అరిగిపోయింది. చల్లగా ఉంది, అంతే. నా చేతి వల్ల ఆ బండిలో ఒక్క నట్టు కూడా వదులుగా మిగల్లేదు అని చెప్పాను. గొంతు బాగా పలికింది. చివరి మాట దగ్గర చిన్న విరామం కూడా ఇచ్చాను. ప్లాతోన్ తాత కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత అన్న. దగ్గరికి వెళ్ళి చెయ్యెత్తాడు. పటానికి బెత్తెడు దూరంలో ఆ చెయ్యి ఆగి, మళ్ళీ గాల్లో తిరగడం మొదలుపెట్టింది. ఇటు, అటు. పెద్దమ్మ, "వెయ్యి నాన్నా, వెయ్యి" అంటోంది, వినీ వినపడకుండా.

"నాకు ఖాయంగా తెలియదు. తెలియని దాని మీద వెయ్యలేను" అన్నాడు.

అయిపోయింది.

బయట ఎండ బాగుంది. చాలామంది నాకు చెయ్యి కలిపారు. కుడిచెయ్యే.

జూలై 5

అన్న ఓతియా షెడ్డులో చేరాడు. భుజం పూర్తిగా మానలేదు. జీతం లేదు, మధ్యాహ్నం రొట్టె ఇస్తారు. బండ్ల కింద పడుకుని ఎత్తు పెంచే పని. చివరికి మా ఇంట్లో నిజమైన మెకానిక్ అయింది అన్న. చౌకులో ఈ జోకు వేశాను. అందరూ నవ్వారు. కొంచెం ఆలస్యంగా నవ్వారు.

జూలై 20

వరసలో అన్న చోటు మా ఇంటిదే కాబట్టి నాకిచ్చారు. పటం మీద చెయ్యి వేసిన డ్రైవరంటే హోటళ్ళవాళ్ళే పిలిచి మరీ యాత్రికుల్ని పంపుతున్నారు. కుతైసీలో ఒకడి దగ్గర డెలికా అద్దెకి తీసుకున్నాను. ఎత్తు మాత్రం షెడ్డులోనే పెంచించాను, కూలి ఇచ్చి. ఇలాంటివి తెలిసినవాళ్ళ చేతికే ఇవ్వాలి. మనుషులెక్కే బండి.

పని అన్నే చేశాడు. రెండు రోజులు పట్టింది. ప్రతి నట్టూ బిగించి, దాని మీద సుద్దతో గీత పెట్టి, మళ్ళీ బయటికి వచ్చి, నిలబడి, చేత్తో వైపు చూసుకుని, మళ్ళీ దూరాడు. పిల్లలు షెడ్డు ముందు గుంపుగా చేరి అతనిలాగే గాల్లో చేతులు తిప్పుతున్నారు. కొత్త ఆట. చూడటానికి సరదాగానే ఉంది.

ఆగస్టు 10

అన్న ఇంటికి వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకున్నాడు.

"నీతో ఒకటి చెప్పాలి. గుడికి వెళ్ళేముందు మూడు రోజులు, ఇది నీ పనేనేమో అని మనసులో అనుకున్నాను. తమ్ముడివని కూడా చూడకుండా అనుకున్నాను. క్షమించు."

క్షమించాను. కష్టంగానే ఉంది, అయినా క్షమించాను. అన్నని కూర్చోబెట్టి సారా పోశాను. ముట్టుకోలేదు. బండి పడ్డ రోజు నుంచి తాగట్లేదట.

ఇంత పెద్ద మనసు నాకెక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

ఆగస్టు 31

ఇయాంజే తిరిగి వచ్చింది. రెండు ఊతకర్రలు. ఎడమకాలు లోపలికి తిరిగింది. పూలు తీసుకుని వెళ్ళాను, ఒక కొత్త జోకు కూడా తయారుచేసుకున్నాను. జోకు చెప్పలేదు. నిజం చెప్పాలంటే ఆ నడక చూశాక నాలో ఏదో చల్లారిపోయింది. నా తప్పు కాదు, కన్ను దాని పని అది చేస్తుంది.

ఆమె నన్ను కూర్చోమనలేదు.

"ఎల్గూజా, బిమూర్జా గేటు గడియ పెట్టి వీధి చివరి దాకా వెళ్ళి, వెనక్కొచ్చి మళ్ళీ చూసుకునే మనిషి. ఆ రోజు నన్ను ఎక్కించుకున్నాక నా తలుపు మూడుసార్లు లాగి చూశాడు. ఆయన నట్టు వదిలేశాడా?"

ప్రమాణం చెయ్యలేకపోయాడు కదా అన్నాను.

"అవును. చెయ్యలేకపోయాడు. నువ్వు చేశావు" అంది. ఓతియా గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడు. నన్ను చూశాడు. నా నుదురు, చేతులు, మళ్ళీ నుదురు. కొనబోయే గొడ్డుని చూసినట్టు చూశాడు.

సెప్టెంబరు 3

చౌకులో ఇద్దరు నన్ను చూసి మాటలాపేశారు. వేరే విషయం మాట్లాడుకుంటూ ఉండి ఉండవచ్చు.

సెప్టెంబరు 6

అజాగ్రత్త మనిషికి పుట్టుకతో ఉంటుంది. ఒక్కసారి వదిలినవాడు మళ్ళీ వదులుతాడు. ఇది తర్కం. అన్న చేసిన నా బండిలోనే ఎక్కడో ఒకటి వదులుగా ఉండి తీరాలి. ఉంటే ఇయాంజేకి, ఓతియాకి, అందరికీ ప్రశ్న తీరిపోతుంది. పాపం అన్నకి కూడా తీరిపోతుంది, ఇటా అటా అని తిప్పుకోవడం మానేస్తాడు.

సెప్టెంబరు 7

బండి కింద దూరి అన్నీ చూశాను. ఒక్కటీ వదులుగా లేదు. సుద్దగీతలు చెరగలేదు.

మళ్ళీ చూశాను. లేదు.

సెప్టెంబరు 8

ఈ రోజు పొడుగు స్పానరు తీసుకెళ్ళాను. రెండు చేతులతో, కాలు తన్నిపెట్టి బలంగా లాగితే ఒకటి కదిలింది. ఎటువైపు లాగానో రాయవలసిన పని లేదు, ఇది నా డైరీ. కాస్త తిరిగాక తర్వాతంతా తేలిగ్గా, వేళ్ళతోనే తిరిగింది. సుద్దగీతని చొక్కా చేతితో తుడిచాను.

సెప్టెంబరు 9

బండిని మెల్లగా షెడ్డుకి తోలుకెళ్ళాను. వెనక ఏదో శబ్దం వస్తోందని, భయంగా ఉందని, మళ్ళీ అలాంటిది జరిగితే ఎలా అని ఓతియాతో చెప్పాను. ఇయాంజే కూడా అక్కడే బెంచీ మీద కూర్చుని ఉంది. చౌకు వాళ్ళు ముగ్గురు నలుగురు ఉన్నారు.

ఓతియా దూరి, నట్టుని వేళ్ళతో తిప్పి బయటికి వచ్చాడు. అన్నని లోపలికి పంపాడు. అన్న చాలాసేపు కింద ఉన్నాడు. కాళ్ళు మాత్రం కనపడుతున్నాయి, కదలకుండా. బయటికి వచ్చేసరికి మొహమంతా దుమ్ము, నట్టు అరచేతిలో పట్టుకుని ఉన్నాడు. దాన్ని ఇయాంజేకి చూపించాడు.

"చూశావా టీచరమ్మా. నా చెయ్యే" అన్నాడు. "నువ్వు ఊరికే నా తరఫున మాట్లాడావు."

ఆమె తల దించుకుంది. ఓతియా ఆ నట్టు తీసుకుని తానే బిగించి వచ్చి, బల్ల మీది స్పానర్లన్నీ ఒక్కొక్కటే తీసి గోడకి తగిలించాడు. ఇక రేపటి నుంచి చీపురు పట్టుకోమని అన్నకి చెప్పాడు.

అన్న నా దగ్గరికి వచ్చాడు. కళ్ళల్లో నీళ్ళు లేవు. ఎన్నాళ్ళుగానో మోస్తున్నది దించినట్టున్నాడు.

"నువ్వు చూశావు కాబట్టి సరిపోయింది తమ్ముడూ. ఎక్కినవాళ్ళు ఎవరి పిల్లలో" అని నా కుడిచెయ్యి రెండు చేతులతో పట్టుకుని ముద్దు పెట్టుకున్నాడు.

ఫరవాలేదులే అన్నా అన్నాను. రేపు తొమ్మిదింటికి జర్మన్లు ఉన్నారు. ఉష్గులి, రానూ పోనూ.